ఉండమన్న మాట

మాస్టారు ఉండమన్నారన్న మాట కోర్టులో ఎక్కడా నోరు జారకూడదని ప్లీడరు గోపినాథ్ జ్ఞానవతికి మూడోసారి చెప్పాడు. చెప్పి, బల్ల మీద రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టాడు. ఒకటి నీలం అట్ట, ఇంకొకటి గోధుమరంగు అట్ట.

"ఈ నీలంది మీరు వేసిన సివిల్ కేసు. సిప్పీఘాట్‌లో ఆ నేల మీద ఎవరి అనుమతీ లేకుండా, అందరూ చూస్తుండగా, పన్నెండేళ్ళు దాటి ఉన్నాం కాబట్టి అది మాదైపోయింది అంటున్నాం. ఈ రెండోది శ్రీహర్ష మీ మీద పెట్టిన క్రిమినల్ కేసు. ఆయన నేలలో అక్రమంగా చొరబడ్డారనీ, ఆయన వేసిన కంచె కోసేశారనీ. ఇందులో మీరు ముద్దాయి. వాళ్ళ నాన్న రాఘవయ్య మాస్టారే మిమ్మల్ని ఉండమన్నారని ఇక్కడ రుజువైతే మీరు నిర్దోషి, కేసు పోతుంది. కానీ అదే మాట తీసుకెళ్ళి సివిల్ కోర్టులో చూపిస్తారు. ఉండమంటే ఉన్నవాళ్ళకి ఎన్నేళ్ళున్నా నేల సొంతం కాదు. పొమ్మన్న రోజున పోవలసిందే. అర్థమైందా?"

"అర్థమైంది బాబూ" అంది జ్ఞానవతి. "ఇక్కడ నిజం చెప్తే అక్కడ ఇల్లు పోతాది."

అంత విప్పి అనేసరికి గోపినాథ్ ఇబ్బందిపడి నీళ్ళ సీసా మూత తిప్పాడు, తాగలేదు.

ఆమెకి అరవై ఒక్కేళ్ళు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వక్కల రసానికి నల్లబడి, ఎంత తోమినా పోని రంగుకి వచ్చేశాయి. ఆ వేళ్ళతో గోధుమరంగు ఫైలుని తన వైపుకి లాక్కుంది.

"ఇది నాకిచ్చెయ్యండి. ఈ కేసులో నేనే మాట్లాడుకుంటాను."

గోపినాథ్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"మొన్న శ్రీహర్షబాబు బోనెక్కి ఏమన్నాడు? సునామీకి ఊరంతా ఏడుస్తుంటే, అదను చూసి దొంగల్లాగా దూరేరన్నాడు. మీరు లేచి, ప్రశ్నల్లేవు సార్ అని కూచున్నారు."

"అడిగితే అనుమతి సంగతి బయటికొస్తుందమ్మా. అందుకే అడగలేదు."

"మీరు అడగరు, నన్ను అడగనివ్వరు. మా ఆయన మాత్రం ఆ కాగితంలో దొంగగా ఉండిపోవాలి. నాకు నేను మాట్లాడుకోడానికి చట్టం ఒప్పుకుంటాదా ఒప్పుకోదా, అది చెప్పండి."

"ఒప్పుకుంటుంది. ముద్దాయి తన కేసు తానే నడుపుకోవచ్చు. ఆపడానికి నాకే కాదు, ఎవరికీ అధికారం లేదు." గోపినాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "గురువారం మాస్టారి భార్య పద్మావతమ్మగారి సాక్ష్యం. ఆవిణ్ణి ఏం అడుగుతారు?"

"ఒకటే అడుగుతాను. ఆవేళ మాస్టారు మాతో ఏమన్నారని. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు."

"అదే కదా నా భయం" అన్నాడు గోపినాథ్.

*

ఇంటికొచ్చి, చీర మార్చుకుని, జ్ఞానవతి వక్కలు వలిచే కత్తి ముందు కూర్చుంది. చెక్కకి బిగించిన కత్తి అది. ఎండిన వక్కకాయని దాని మొన మీద ఒక్క పోటు పొడిచి మణికట్టు తిప్పితే పీచు రెండుగా విచ్చుకుంటుంది. లోపలి గింజ తట్టలో పడుతుంది. పొడవడం, తిప్పడం, వదలడం. చూడనవసరం లేదు. కోడలు నాన్సీ ఎదురుగా కూర్చుని గింజల్లో పుచ్చువి ఏరుతోంది. ఇంటి వెనక, ఉప్పునీళ్ళల్లో ఎప్పుడో చచ్చిపోయిన కొబ్బరి మోళ్ళ మీద కొంగలు వాలి ఉన్నాయి. ఇంటి చుట్టూ నేల మాత్రం ఎత్తుగా, పచ్చగా ఉంది. ఆ ఎత్తంతా ఆమె భర్త యిర్మియా బతికుండగా కొండవైపు నుంచి గమేళాలతో మోసి పోసిన మట్టి.

కొడుకు ఫ్రెడ్డీ దీవుల మధ్య తిరిగే ఫెర్రీ మీద డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, చొక్కా కూడా విప్పకుండా నిలబడిపోయాడు.

"అరే అమ్మా, దిమాగ్ ఖరాబ్ హువా క్యా? వకీల్‌ని పెట్టుకుని నువ్వు మాట్లాడ్డమేంటి?"

"కేకలెయ్యకు. ఆ కాగితాలు రెండూ తీసి చదువు. ఇంగ్లీషు నాకు రాదు కదా."

ఫ్రెడ్డీ విసుగ్గానే చదివాడు. సివిల్ కేసులో శ్రీహర్ష రాసిచ్చిన జవాబు: మా నాన్నగారు జాలిపడి వీళ్ళని ఉండనిచ్చారు, ఆయన దయ మీద ఉన్నవాళ్ళు హక్కు అడగడం అన్యాయం. క్రిమినల్ కేసులో అతను పోలీసులకి రాసిచ్చిన ఫిర్యాదు: వీళ్ళని ఎవరూ ఉండమనలేదు, దొంగతనంగా చొరబడ్డారు.

"చూశావా?" అంది జ్ఞానవతి, వక్క తిప్పుతూ. "అక్కడో మాట, ఇక్కడో మాట. చదువుకున్నోడు."

నాన్సీ కిసుక్కున నవ్వింది. "మనం మాత్రం? అక్కడ ఎవరూ ఉండమనలేదని రాశాం, ఇక్కడేమో ఉండమన్నారు అందామంటున్నావు. సేమ్ టు సేమ్ అత్తా."

జ్ఞానవతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సివిల్ కాగితం మీద సంతకం పెట్టింది తనే. అందులో ఏం రాశారో గోపినాథ్ తెలుగులో చెప్పాడు కూడా. అప్పుడు అది అబద్ధంలా వినిపించలేదు, కోర్టు భాషలా వినిపించింది.

"రెండుచోట్లా ఒకటే మాట ఉండాలని ఇప్పుడు అనిపిస్తోంది" అంది.

"అనిపిస్తే? మాస్టారమ్మ బోనెక్కి, ఔను, మా ఆయన ఉండమన్నారు అంటుంది. బస్, ఖతం. మనం ఎక్కడుంటాం? బతుబస్తీలో ఒక్క గది కిరాయికి తీసుకుని నువ్వూ మేమూ అందులో దూరాలా? ఈ మట్టి నాన్న మోసింది కాదా?"

"మోసిన మనిషినే దొంగంటున్నారు."

"పోనీ అననీ! నాన్నకి వినిపిస్తోందా?"

ఆ మాట అనేసి ఫ్రెడ్డీ తల తిప్పుకుని, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. నాన్సీ తట్ట కిందపెట్టి, మాట మార్చడానికన్నట్టు ఫోను తీసింది.

"వకీల్ సాబ్‌కి ఈ ఫోటో సంగతి చెప్పావా అత్తా?"

పోయిన నవంబరు ఫోటో. డాలీగంజ్‌లో మాస్టారి ఇంటి వరండా. పద్మావతమ్మ రెండు చేతులా ఒక వక్క గెల పట్టుకుని నిలబడి ఉంది. పక్కన జ్ఞానవతి. కోతపండుగ ముందు ప్రతి ఏడూ తోటలో మొదటి గెల కోసి మాస్టారి ఇంట్లో ఇచ్చి, రెండో గెల చర్చికి పట్టుకెళ్ళడం యిర్మియా పెట్టుకున్న నియమం. ప్రథమ ఫలం దేవుడికి కదా అని పాస్టరుగారు ఒకసారి అడిగితే, "చోటిచ్చినాయన చేతిలో పెట్టకుండా దేవుడి ముందు ఏ మొహంతో పెట్టమంటారయ్యగారూ?" అన్నాడు. అతను పోయినా, మాస్టారు పోయినా, జ్ఞానవతి అది మానలేదు. సివిల్ కేసు వేసిన ఏడు కూడా పట్టుకెళ్ళింది. కేసు వేరు, పండుగ వేరు అనుకుంది. గోపినాథ్‌కి ఆ సంగతి తెలిసినరోజు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఏటేటా వెళ్ళి, నేల మీదేనండీ అని వాళ్ళకి చెప్పి వస్తున్నారన్నమాట!"

"ఆ ఫోటో ఆయనకి తెలీదు" అంది జ్ఞానవతి. "గురువారం ఫోను నాకివ్వు. అవసరమైతే చూపిస్తాను."

ఫ్రెడ్డీ గోడ వైపు తిరిగి, "ఇల్లు ఎవరిదో కూడా చూపించి రా" అన్నాడు.

*

గురువారం మేజిస్ట్రేటు ఆమెని మూడుసార్లు అడిగాడు. ప్లీడరు వద్దా? డబ్బు లేకపోతే ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, తెలుసా? తర్వాత నాకు తెలీక వద్దన్నాను అంటే కుదరదు, తెలుసా? ఆయన వయసులో చిన్నవాడు. హిందీలో, బడిపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. జ్ఞానవతి మూడుసార్లూ హిందీలోనే "మాలూమ్ హై సాబ్" అంది. అదంతా రాయించి సంతకం పెట్టించుకున్నాడు. గోపినాథ్ వెనక బెంచీ మీద, నల్లకోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని, సినిమా చూడ్డానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. అవతలి బెంచీ మీద శ్రీహర్ష. ఆ నేల హోమ్‌స్టే కట్టేవాళ్ళకి అమ్మాలని రెండేళ్ళుగా తిరుగుతున్నాడు.

పద్మావతమ్మ బోనెక్కింది. డెబ్బై మూడేళ్ళు, బూడిదరంగు నేత చీర. తహసీలు ఆఫీసులో భూమి రికార్డులు రాస్తూ ముప్పై ఏళ్ళు పనిచేసి, హెడ్ క్లర్కుగా రిటైరైంది. నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. సర్కారు వకీలు అడిగినవి రెండే. నేల ఎవరి పేరున ఉంది? తన భర్త పేరున ఉండేది, ఇప్పుడు తన పేరూ కొడుకు పేరూ ఉన్నాయి. కంచె ఎవరు కోశారు? జ్ఞానవతి. అంతే. అతను కూర్చున్నాడు.

జ్ఞానవతి లేచింది. హిందీలో అడగవలసిన నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుంది. దాన్ని బల్ల అంచుకి ఆనించి పట్టుకుంది.

"నన్ను మీరు ఎరుగుదురా అమ్మగారూ?"

"ఎరుగుదును."

"మా ఆయన్ని?"

"యిర్మియా. ఎరుగుదును."

"సునామీ అయ్యాక, మా ఆయనా నేనూ డాలీగంజ్‌లో మీ ఇంటికొచ్చాం. వరండాలో నిలబడ్డాం. ఉప్పెక్కిపోయిన ఆ నేలలో మట్టిపోసుకుని ఉంటామని అడిగాం. అప్పుడు మాస్టారు మాతో ఏమన్నారు?"

గోపినాథ్ కళ్ళు మూసుకున్నాడు.

పద్మావతమ్మ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుంది. జ్ఞానవతి వైపు చూడలేదు. టైపు చేసే కుర్రవాడి వైపు చూసింది. అతని వేళ్ళు మీటల మీదికి వచ్చేదాకా ఆగింది.

"వద్దన్నారు."

జ్ఞానవతి తనకి సరిగా వినపడలేదేమో అనుకుంది.

"మా నేలలో కాలు పెట్టొద్దని మొహం మీదే చెప్పారు. యిర్మియా వినలేదు. ఆ ఏడే మట్టి పోసి గుడిసె వేశాడు. తర్వాత రేకుల ఇల్లు కట్టాడు. మేము చూస్తూనే ఉన్నాం. ఏమీ చెయ్యలేకపోయాం." పద్మావతమ్మ టైపు చేసే కుర్రవాడి వైపు కొద్దిగా వంగింది. "సంవత్సరం కూడా రాయండి. రెండువేల ఆరు."

మేజిస్ట్రేటు ఆ హిందీ జవాబు ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే మీటలు టకటకమన్నాయి. శ్రీహర్ష తృప్తిగా తల ఊపాడు. సర్కారు వకీలు జ్ఞానవతి వైపు కొంచెం జాలిగా చూశాడు, అడక్కూడని ప్రశ్న అడిగి చెయ్యి కాల్చుకున్న మనిషిని చూసినట్టు.

ఆవేళ వరండాలో మాస్టారు స్టూలు లాగి యిర్మియాని కూర్చోమన్నారు. ఈవిడే రెండు గ్లాసులతో కాఫీ తెచ్చింది. "ఉప్పునేల, దాన్నెవరు అడుగుతారయ్యా, ఉండండి" అని మాస్టారు అంటుంటే ఈవిడ గుమ్మంలో నిలబడి వింది. జ్ఞానవతికి కాఫీ గ్లాసు వేడి కూడా గుర్తుంది. చెంపలు మండాయి. కాగితంలో నాలుగో ప్రశ్న ఉంది: మేము మీ నేల కాజేసినవాళ్ళమే అయితే, ఏటేటా గెల ఎందుకు పుచ్చుకున్నారు? సంచిలో ఫోను ఉంది. ఆ ఫోటో ఒక్కటి చూపిస్తే చాలు, ఈ పెద్దమనిషి అబద్ధం ఈ గదిలోనే రాలిపోతుంది.

సంచి జిప్పు సగం తీసింది.

వెనక బెంచీ నుంచి చిన్న దగ్గు వినిపించింది. తిరిగి చూసింది. గోపినాథ్ నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కోటు కింద పడిపోయింది, అతను చూసుకోలేదు. అరచెయ్యి మోకాలు మీద నుంచి రెండంగుళాలు లేచి, అలాగే ఆగి ఉంది.

జ్ఞానవతి మళ్ళీ బోను వైపు తిరిగింది. ఇప్పుడు పద్మావతమ్మ తననే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు, భయం లేదు. ఫారం సరిగా నింపి ఇచ్చి, అవతలివాళ్ళు సంతకం ఎప్పుడు పెడతారా అని కౌంటరు వెనక నుంచి చూసే చూపు.

చూస్తూనే ఉన్నాం అంది. సంవత్సరం చెప్పింది. అది అడక్కుండానే చెప్పింది. ఎవరి అనుమతీ లేకుండా, అందరూ చూస్తుండగా, పన్నెండేళ్ళు దాటి అని గోపినాథ్ నీలం ఫైలు మీద వేలుపెట్టి చెప్పిన మాటలే అవి. ఒక్కటీ తప్పకుండా ఆ పెద్దావిడ నోట్లోంచి వచ్చాయి.

"ఇంకేమైనా అడుగుతారా?" అన్నాడు మేజిస్ట్రేటు.

జ్ఞానవతి జిప్పు మూసింది.

"లేదు సాబ్."

సాక్ష్యం అయ్యాక ముద్దాయిని అడగడం రివాజు. మేజిస్ట్రేటు ఆమెకి ఆ మాటలు చదివి వినిపించాడు. మీ భర్తని వద్దన్నారని, అయినా వినకుండా చొరబడ్డాడని సాక్షి చెబుతోంది. దీనికి మీరేమంటారు? మీరు మాట్లాడాలనే కదా ప్లీడరు వద్దన్నారు, మాట్లాడండి.

సోమవారం నుంచి ఆమె హిందీలో కూడగట్టుకున్న మాటలు ఉన్నాయి. నా భర్త ఒకరి పుల్ల ముట్టినవాడు కాదు సాబ్. అడిగి, ఉండమంటేనే ఉన్నాడు సాబ్. నాలుక మీదికొచ్చాయి. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పైన ఫ్యాను తిరుగుతోంది. శ్రీహర్ష ఫోను చూసుకుంటున్నాడు.

"నేను చెప్పేదేం లేదు" అంది. తెలుగులో అంది. మేజిస్ట్రేటు చూస్తే, మళ్ళీ హిందీలో చెప్పింది.

బయట మెట్ల మీద గోపినాథ్ ఆమెని పట్టుకున్నాడు. మాట తడబడుతోంది. "నేనైతే ఆ ప్రశ్న చచ్చినా అడిగేవాణ్ణి కాదమ్మా. అడక్కపోతే ఈ జవాబు రికార్డులోకి వచ్చేదే కాదు. ఆవిడ ఆ నేల హక్కుదారు. ప్రమాణం చేసి చెప్పింది. జాలిపడి ఉండనిచ్చామని కొడుకు అక్కడ రాసిందంతా ఈ ఒక్క ముక్కతో కొట్టుకుపోతుంది. ఇక్కడ శిక్ష పడొచ్చు. పడనివ్వండి. ఈ సాక్ష్యానికి నకలు మాత్రం అడగండి. వింటున్నారా?"

"వింటున్నాను" అంది జ్ఞానవతి.

*

సోమవారం తీర్పు చెప్పారు. కంచె కోసినందుకూ, చొరబడినందుకూ ముద్దాయి దోషి. వయసు మీరిన ఆడమనిషి, ఇదివరకు ఏ కేసూ లేదు, కాబట్టి మందలించి వదిలేస్తున్నాం. ఆ మందలింపు ఆమె నిలబడి వినాలి. వింది. ఇంకొకరి ఆస్తిలో అడుగుపెట్టకూడదని, మళ్ళీ ఇలాంటి పని చెయ్యకూడదని, తన కొడుకు వయసు మనిషి చెబుతుంటే చేతులు కట్టుకుని తలూపింది. సంతకం పెట్టింది.

శ్రీహర్ష కారు తీసుకురావడానికి వెళ్ళాడు. వరండా చివర బెంచీ మీద పద్మావతమ్మ ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో చేతిసంచితో. జ్ఞానవతి వెళ్ళి ఎదురుగా నిలబడింది. కూర్చోమని ఆవిడ అనలేదు.

"ఆరోజు కాఫీ ఇచ్చింది మీరే" అంది జ్ఞానవతి.

"గుర్తుంది."

"మరి..."

"ఈ కోర్టులో ఎవరూ ఉండమనలేదని చెప్పాలి మమ్మీ అన్నాడు మావాడు. చెప్పాను. వాడు అడిగిందే చెప్పాను." గేటు వైపు ఒకసారి చూసింది. "వాడి ఇంట్లో ఉంటున్నదాన్ని. వాడు చెప్పమంది కాక ఇంకోటి చెప్పి, అదే ఇంటికి ఎలా వెళ్ళమంటావు?"

"సంవత్సరం కూడా చెప్పమన్నాడా అమ్మగారూ?"

పద్మావతమ్మ పెదవులు కొద్దిగా కదిలాయి. "తేదీ లేకుండా రాసింది రికార్డు కాదు. ముప్పై ఏళ్ళు ఆ పనే చేశాను."

ఎవరో అటెండరు టీ గ్లాసుల బుట్టతో మధ్యలోంచి వెళ్ళాడు.

"ఇకమీదట మా గుమ్మం ఎక్కకు" అంది పద్మావతమ్మ. "ఏదీ పట్టుకురాకు. తెచ్చినా తీసుకోను. తెలిసిందా?"

"తెలిసింది" అంది జ్ఞానవతి. "మా ఆయన్ని దొంగని చేశారమ్మగారూ."

"చేశాను." పద్మావతమ్మ సంచి పట్టుకుని లేచింది. మోకాళ్ళు పట్టేసి ఒక క్షణం బెంచీ ఆనుకుంది. జ్ఞానవతి చెయ్యి అందించబోతే వద్దని తల ఊపింది. "మా ఆయన్ని కూడా చేశాను. సముద్రం మీదపడి కొంప పోయినవాడు వాకిట్లోకొచ్చి అడిగితే, కాలు పెట్టొద్దని తరిమిన మనిషిని చేశాను. నలభై ఏళ్ళు కాపురం చేశానాయనతో."

కారు హారన్ వినిపించింది. ఆవిడ మెట్లు ఒక్కొక్కటిగా దిగింది.

*

నకలు మూడో రోజున ఇచ్చారు. నాలుగు కాగితాలు, ప్రతి దాని మీదా ముద్ర. జ్ఞానవతి ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున్నే వంటగదిలో పీట మీద కూర్చుని, అర్థం కాకపోయినా అక్షరాల మీద వేలుపెట్టి చూసింది. యిర్మియా పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. దీవిలో ఉండేవాళ్ళకి సర్కారు ఇచ్చే ఐలాండర్ కార్డు అతనికి ఉండేది, దాని మీద చూసేది. రెండో కాగితంలో నాలుగుచోట్ల కనిపించింది.

ఫ్రెడ్డీ మొదటి ఫెర్రీకి వెళ్ళడానికి తయారై, దువ్వెన తలలో ఉండగానే వంటగది గుమ్మంలోకి వచ్చాడు. వారం రోజులుగా అతను తల్లితో మెత్తగా మాట్లాడుతున్నాడు. "ఇలా ఇవ్వమ్మా. పోతూ పోతూ గోపినాథ్ సార్‌కి ఇచ్చేస్తా. సారు ఫోన్‌లో ఏమన్నాడో తెలుసా? ఇల్లు పక్కా అన్నాడు. నువ్వు అడిగిన ఒక్క ప్రశ్నతో అన్నాడు. నాన్సీ వాళ్ళ అమ్మకి కూడా చెప్పేసింది."

"ఉండు" అంది జ్ఞానవతి.

కాగితాలు మడిచి గోధుమరంగు కవరులో పెట్టింది. కవరు మూతికి జిగురు ఎండిపోయి అంటుకోవడం లేదు. గిన్నెలోంచి నాలుగు అన్నం మెతుకులు తీసి, బొటనవేలితో మెదిపి, అంచు పొడుగునా రాసింది. మూత మడిచి నొక్కింది.

"ఎందుకమ్మా అదంతా? దారిలో చదువుకుంటూ పోదామనుకున్నా. మనం గెలిచిన కాగితం కదా."

"చదవొద్దు."

"ఎందుకు?"

జ్ఞానవతి కవరుని నేల మీద బోర్లించి, అరచేత్తో అదిమి పట్టుకుంది. బయట ఫ్రెడ్డీ స్కూటీ స్టార్టు చేసి, టైమైపోతోందని రెండుసార్లు పిలిచాడు. మెతుకులు తడారి గట్టిపడేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.